గిర్రున తిరగాలని రాసిన నూనె

నాన్నా, కంప్యూటర్ ముట్టుకోకు. డిస్కు పెట్టే ట్రే తుడిచి ఆరబెట్టాను, మూయకు. పాడైన కంప్యూటర్ మళ్ళీ లేవాలని ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు ఎన్నిసార్లు పెట్టినా బయటికి తోసేస్తుంటే, పొద్దున్నుంచీ దానితో కుస్తీ పట్టాను. చివరికి వెలుతురులో పెట్టి చూస్తే డిస్కు అడుగంతా కుట్టుమిషన్ నూనె! "గిర్రున తిరగాలి కదమ్మా" అని నిన్న నువ్వన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, ఒక్కమాట అడగొచ్చుగా!

వేరే డిస్కు కోసం స్నేహితురాలింటికి వెళ్తున్నా. సాయంత్రం ఇంటర్వ్యూ ఈ కంప్యూటర్లోనే. ఇది లేవకపోతే ఉద్యోగం గల్లంతే.

మర్చిపోయా, ఇంటర్వ్యూ అప్పుడు నువ్వు ఎదురుగా కూర్చో. నువ్వు కనిపిస్తుంటే నాకు మాట తడబడదు. నూనె డబ్బా మాత్రం బయట పెట్టి రా.