నాలుగింటికి పుట్ డౌన్

బంగారంలాంటి మా అక్కకి,

కంగారుపడకుండా చదువు. ప్రస్తుతం మా మంచం మీద ఎవరిదో కుక్క పడుకుని ఉంది. నేనే ఎత్తుకొచ్చాను.

ఇన్నాళ్ళూ నీ దగ్గర ఒకటి దాచాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడతానని చెప్పి ఈ పశువుల ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగంలో చేరాను. నువ్వు నలుగురికీ గొప్పగా చెప్పుకున్నావు కూడా. నిజానికి నాకు వచ్చింది అరకొర. మా డాక్టరుగారికి తెలుగు రాదు. ఆయన చెప్పినదానికల్లా తలూపి, తర్వాత కాంపౌండరు బాబాయిని అడిగి పని కానిచ్చేదాన్ని. పోయిన వారం ఒక పెద్దావిడ జబ్బుపడిన పిల్లిని తెచ్చింది. డాక్టరుగారు చూసి, మెల్లగా "పుట్ డౌన్" అన్నారు. పుట్ అంటే పెట్టడం, డౌన్ అంటే కింద. పిల్లిని బల్ల మీంచి తీసి జాగ్రత్తగా నేల మీద పెట్టాను. ఆవిడ గొల్లుమంది. బాబాయి నా చెవిలో, "కింద పెట్టడం కాదమ్మా, బాధ తెలీకుండా ఇంజెక్షనిచ్చి ప్రాణం తీసెయ్యడం" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇవాళ ఒకాయన గోధుమరంగు కుక్కను మా దగ్గర వదిలి, సాయంత్రం వస్తానని వెళ్ళాడు. బొద్దుగా, నిక్షేపంలా ఉంది. నా చెయ్యి నాకుతోంది. డాక్టరుగారు గదిలోంచి తొంగిచూసి, "పుట్ హిమ్ డౌన్ ఫర్ ఫోర్ ఓక్లాక్" అన్నారు. నవ్వుతూ అన్నారక్కా! బాబాయి భోజనానికి వెళ్ళాడు. అప్పటికే మూడయింది. దొడ్డిదారిన కుక్కతో ఇంటికొచ్చేశాను. రేపే రాజీనామా. మీ మరిదికి ఇంకా తెలీదు.

నీ చెల్లెలు

అక్కా, మా మంచి అక్కా,

పోయిన వారం రాసిన ఉత్తరం చించెయ్. దాన్ని పోస్టు డబ్బాలో వేసి వచ్చేసరికి మా గుమ్మం ముందు డాక్టరుగారు, బాబాయి, కుక్క యజమాని! నేను తలుపుకి అడ్డంగా నిలబడి, "ముందు నన్ను చంపండి, తర్వాత దాన్ని చంపుదురుగాని" అన్నాను.

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "చంపడమేమిటమ్మా! పుట్ డౌన్ అంటే రాసుకోవడం కూడానూ. నాలుగింటికి గోళ్ళు కత్తిరించాలి, రిజిస్టర్లో రాసుకోమన్నారు!"

డాక్టరుగారు నవ్వీ నవ్వీ మా మెట్ల మీద కూలబడ్డారు. యజమాని మాత్రం నవ్వలేదు. కుక్కను పట్టుకుని, "మా వాడికోసం ఉద్యోగం వదులుకుందామనుకున్నారా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. రాజీనామా అంటే డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళుగా తెలుగు నేర్చుకోకపోవడం తన తప్పేనట. ఇప్పుడు రోజూ అరగంట నేను ఆయనకి తెలుగు, ఆయన నాకు ఇంగ్లీషు.

నిన్న ఒక పెద్దమనిషి తన టోపీ మా దగ్గర మరిచిపోయాడు. ఇవాళ పిల్లికి మందు కోసం వస్తే, డాక్టరుగారు ఎంతో మర్యాదగా, "సార్, నేను మీకు టోపీ పెట్టాను" అన్నారు.

ఆయన ముఖం జేవురించింది. "నా మొహం మీదే చెప్తావా?" అని లేచాడు.

ఈసారి బాబాయి కన్నా ముందు నేనే పరుగెత్తాను. "తీసిపెట్టాను అనబోయి 'తీసి' మింగేశారండీ!" అని టోపీ ఆయన చేతికిచ్చాను. తర్వాత డాక్టరుగారికి ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను. తడబడలేదక్కా. ఆయన చెవులదాకా ఎర్రబడి పుస్తకంలో రాసుకున్నారు.

పెద్దమనిషి మాత్రం మందు సీసా మీద తేదీ రెండుసార్లు చూసుకుని మరీ వెళ్ళాడు.

ఉద్యోగం ఊడని
నీ చెల్లెలు