తొడగని చొక్కాలు

నాన్నగారికి నమస్కారాలు. నా దగ్గు తగ్గింది, అమ్మను బెంగపడొద్దనండి.

ఆదివారం డిటెక్టివ్ నవలలు రాసేవాళ్లం ఐదుగురం లైబ్రరీ వెనక గదిలో కలిశాం. తమ అధ్యాయం చదివి వినిపించినవాళ్లు మిగతావాళ్ల టీ అయ్యేదాకా నోరు మెదపకూడదని మా నియమం. మాలో పెద్దావిడను, మొదటి పేజీలోనే శవాన్ని పడేస్తుందని, శవాల పిన్ని అంటాం. నా అధ్యాయం విని ఆవిడ, "నీ ఇన్‌స్పెక్టరు ఒక్క తప్పూ చెయ్యడేంటమ్మా? వాణ్ని చూస్తే భయమూ వెయ్యట్లేదు, జాలీ కలగట్లేదు. మూడొందల పేజీలు వాడితో ఎలా నడవను?" అంది.

టీ అయ్యాక దర్జీ సంగతి చెప్పేశాను. మీరు ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు పొరపాటున ఆయన్ను దొంగతనం కేసులో జైలుకు పంపడం, అసలు దొంగ దొరికి ఆయన బయటికొచ్చాక, క్షమించమనే మాట నోట రాక ఏటా ఆయన దగ్గరే చొక్కా కుట్టించుకోవడం, ఒక్కటీ తొడుక్కోలేకపోవడం. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "అది రాయి. చెయ్యి ఆడకపోతే చెప్పు, వచ్చి పక్కన కూర్చుంటాం" అంది.

రాశాను. మీరు వద్దంటే చింపేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను.

కళ్లలో చుక్కలు వేసుకుంటున్నారా? వంటింటి కిటికీ గడియ బాగుచేయించారా? నా నీలం స్వెట్టరు పంపమని అమ్మకు చెప్పండి. చెల్లికి నా ఆశీస్సులు.

వద్దనేటట్టయితే కార్డు రాయండి. సరేననుకుంటే రాయక్కర్లేదు. బీరువాలో మడత విప్పని ఆ తొమ్మిది చొక్కాల్లో ఒకటి తొడుక్కుని, ఆయన కొట్టు ముందు నుంచి ఒక్కసారి నడిచి వెళ్లండి.

మీ పెద్దమ్మాయి