చదివే తీగ

అన్నా, నీ చెల్లెలి దండాలు. నువ్వు పోయి నాలుగు నెలలు నిండాయి.

రుద్రూరు దగ్గర నీ చెరుకు కోతకొచ్చింది. పక్క పొలం వాళ్లు చూసుకుంటున్నారు. నేను నిజామాబాదులో బాగానే ఉన్నాను, సోమవారాలు ఒక్కపొద్దులు తప్పడం లేదు. కానీ మనసే కుదురుగా లేదు...

హైదరాబాదులో నీ వణుకు రోగానికి ఆపరేషన్ చేసిన రోజు గుర్తుందా? తలలోకి రెండు తీగలు పంపుతామన్నారు. ఒకటి వణుకు ఆపడానికి, అది లోపలే ఉంటుంది. రెండోది పరిశోధన కోసం. మెదడులో ఊరే రసాయనాన్ని క్షణక్షణం కొలుస్తుందట. నువ్వు మెలకువగా ఉండి తెర మీద ఏదో ఆట ఆడాలట, అరగంటలో తీసేస్తారట. నీ చేతిలో కలం నిలవదు కాబట్టి నువ్వు వేలిముద్ర వేశావు. వదిన పోయాక నీకున్నది నేనే కదా, సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. వెనకాడితే నవ్వావు. "గుడిల మొక్కేటప్పుడు గూడ ఒక కన్ను చెప్పుల మీదనే ఉంటది నీకు. పెట్టవే సంతకం!"

చదవకుండానే పెట్టాను. వణుకు తగ్గింది. ఏడాదిన్నర నీ అన్నం నువ్వే కలుపుకొని తిన్నావు. అది కాదనను.

కానీ ఆ రెండో తీగ నిజంగా తీశారా అన్నా? తీస్తుంటే ఎవరు చూశారు? ఆ తర్వాత నీకు కోపమే రాలేదు. చెరుకు లారీ రెండు రోజులు రాకపోయినా నవ్వి ఊరుకున్నావు. పుట్టినప్పటి నుంచీ ఉన్న కోపం ఎటు పోయింది? నయమైనందుకేనా...

గుండె ఆగి నువ్వు పోయినప్పుడు, కాల్చేముందు మొదటి తీగకు కరెంటిచ్చే ఛాతీలోని బ్యాటరీ తీయించాం. మూడో రోజు కాలిన బొక్కలు ఏరడానికి నేనూ వచ్చాను. తల వైపు బూడిదను జల్లెడ పట్టాను. చిన్నమ్మ కసిరినా ఆపలేదు. రెండు లోహపు ముక్కలు దొరికాయి. ఒకటే విరిగి రెండయిందా? లేక...

ఆ రోజు పిట్టకు పెడితే ముట్టలేదు. అన్నం, మటన్, కల్లు, నీ బీడీ కట్ట, అన్నీ ఆకులో పెట్టాం. కాకి గట్టు మీదే కూర్చుంది. నీకేం కోరిక మిగిలిందోనని తలా ఒక మాట ఇచ్చారు. చివరికి నేను చేతులు జోడించి, నీ తలలోంచి తీసుకున్న కొలతలు ఎవరూ వాడుకోకుండా చూస్తానని మనసులో అనుకున్నాను. కాకి దిగింది. సరిగ్గా అప్పుడే చిన్నమ్మ మటన్ ముక్కను ముందుకు జరిపిందట! కాకి దేనికి దిగినట్టు?

ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఒక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. దొరికినవి వణుకు ఆపే తీగ ముక్కలేనట. రెండోది వెంట్రుక కంటే సన్ననిదట, లోపల ఉన్నా మంటలో మిగలదట. మరి తీశారనడానికి వాళ్ల మాటే సాక్ష్యమా? అంత మెత్తగా మాట్లాడితే నాకు అనుమానం ఇంకా పెరిగింది.

ఇప్పుడు నీ కొలతల్ని ఇంకో పరిశోధనకు వాడుకుంటామని కాగితం పంపారు. నేను సంతకం పెడితేనే వాడతారట, వద్దని రాస్తే చెరిపేస్తారట. కాగితం దేవుని అర్రలో పటం కింద ఉంది.

వద్దని రాయబోతే నీ మాటే అడ్డం వస్తుంది. ఆపరేషన్ ముందు గుండు తల నిమురుకుంటూ అన్నావు. "నా తలకాయల ఏమున్నదో నాకే తెల్వది, ఆళ్లకేం దొరుకుతది? దొరికితే దొరకనియ్యి. నా లెక్క అన్నం బుక్క నోటికాడికి పోనోడు ఇంకొకడు తింటడు."

పిట్టకిచ్చిన మాట నాది, ఈ మాట నీది. ఏది నిలబెట్టను?

వచ్చే సోమవారం హైదరాబాదు పోతున్నాను. నువ్వు ఆట ఆడిన ఆ అరగంట రెండో తీగ తెర మీద ఎట్లా గీత గీసిందో చూపించమంటాను. నాకు అర్థం కాదు, అయినా చూస్తాను. తీగ తీసిన చోట గీత ఆగిపోవాలి కదా... ఆగిన చోటు నా కళ్లతో చూస్తే నీ మాటే నిలబెడతాను. పిట్టకు మాట తప్పిన పాపం కందకుర్తి గోదారిలో మునిగి చెప్పుకుంటాను.

చూపించకపోతే సంతకం లేదు. నువ్వు తిట్టుకున్నా సరే.

నీ చెల్లి,
సుగుణ