పన్నెండు పడవల రబ్బరు బిళ్ళలు

పడవ పరికరాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
చిల్లకూరు మండలం, కొత్త పట్టపుపాలెం కాపురస్తుడు, ఇంజన్ల మెకానిక్కు మాల్యాద్రి వ్రాసుకొన్న అర్జీ.
తేదీ: జూన్ 13.

విషయం: పాస్ చేసిన రబ్బరు బిళ్ళలను మళ్ళీ కొలిపించి ఫెయిల్ చేయవలెనని, రిజిస్టరులో నా సంతకం కొట్టివేయవలెనని కోరుట గురించి.

అయ్యా,

1. వేట నిషేధం ముగిసేలోపు బిగించుకొనుటకు తమ కార్యాలయం వారు మా పాలెంలోని పన్నెండు పడవలకు, పడవకు నాలుగు చొప్పున, రబ్బరు బిళ్ళలు ఉచితముగా సరఫరా చేసియున్నారు. ఇంజనుకూ, నీళ్ళలో తిరిగే ఫ్యాను కడ్డీకీ నడుమ ఈ నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తాము. బిళ్ళ మెత్తనిదైతే నాలుగు గంటల్లో చిరిగి పొట్టు అవుతుంది. ఆ పైన ఇంజను అరుస్తూనే ఉంటుంది, ఫ్యాను తిరగదు. పడవ గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందులో మనుషులు ఉంటారని వేరే మనవి చేయనక్కరలేదు.

2. ఈ నెల 9న తమ సహాయకులు నరేంద్రబాబు గారు గట్టిదనం కొలిచే మీటరు తెచ్చి, ఒక్కొక్క బిళ్ళను ఇనుప బల్ల మీద పెట్టి దాని సూదితో నొక్కినారు. డెబ్బై ఉండాలట. డెబ్బై రెండు చూపించింది. అంతకుముందే నేను బొటనవేలి గోరు దించి చూసియుంటిని. ముప్పై ఏళ్ళుగా ఈ పాలెంలో రబ్బరుకు అదే పరీక్ష. గోరు వెన్నలో దిగినట్టు దిగింది.

3. అయినప్పటికీ సాక్షిగా సంతకం చేసితిని. కారణం విన్నవించుకొనుటకు సిగ్గుగా ఉన్నది. నరేంద్రబాబు గారు కుర్చీ వేయించి, "మాల్యాద్రి గారూ, మీరు అనుభవం గలవారు, ఇక్కడ పెట్టండి" అన్నారు. మా పాలెంలో నన్ను ఒరే అనని పెద్దవాడు లేడు. ఊరంతా చూస్తుండగా గారు అనేసరికి, సర్కారు మీటరు అబద్ధమాడుతుందా, నా గోరే మొద్దుబారి ఉంటుంది అనుకొని పెట్టినాను. పెట్టినప్పటి నుంచి ముద్ద దిగటం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

4. ఉండబట్టలేక 11న, ఇంకా బిగించని రెండు సెట్ల బిళ్ళలు సంచిలో వేసుకొని బిట్రగుంట పోయినాను. అక్కడి హజరత్తయ్య గారు రైల్వేలో రబ్బరు సామాను పరీక్షించి రిటైరైనవారు. ఆయన తన పాత మీటరుతో ఒక బిళ్ళను ఇనుము మీద పెట్టి నొక్కితే డెబ్బై ఒకటి. నాలుగు పేర్చి నొక్కితే యాభై. మళ్ళీ మళ్ళీ నొక్కించినాను, అంతే. ఇదేం మాయ అని అడిగితే ఆయన నవ్వి, "మాయేంది నాయనా! బిళ్ళ మూడు మిల్లీమీటర్లు, మీటరు పెట్టాలంటే కనీసం ఆరు మందం ఉండాల. పలచటి బొంత పరుచుకొని బండ మీద కూర్చుంటే నీకు తగిలేది బొంతా, బండా? మీవోళ్ళు బల్లను కొలిచి రబ్బరుకు మార్కులేసినారు" అన్నారు.

5. ఈ సంగతి 12న నరేంద్రబాబు గారికి విన్నవించగా, "రిజిస్టర్ క్లోజ్ అయిపోయింది మాల్యాద్రీ. సార్ ఆర్డరు లేకుండా నేనేం చేసేది?" అని సెలవిచ్చినారు. ఈసారి గారు లేకపోవుట గమనించ ప్రార్థన.

6. నేను ఆయన వద్దకు పోయివచ్చేసరికి ఆ రెండు సెట్లు కూడా బిగించుకొని యుండిరి. బిళ్ళలు విప్పండని పడవల వాళ్ళను అడిగితే మా ఆచారం అడ్డొచ్చినది. కొత్త సామాను బిగించి ఇంజనుకు బొట్టు పెట్టినాక, మొదటి వేట ఒడ్డు చేరేవరకు దానిని విప్పరాదు. విప్పితే గంగమ్మకు కోపం. పన్నెండు ఇంజన్లకూ బొట్టు పెట్టిన మా పెద్దమ్మ కామమ్మ, "ఆఫీసరు కాగితం తే, తల్లికి నేను చెప్పుకుంటా. నీ గోరు మాట ఆమె యాడ వింటాదిరా?" అన్నది. కావున మొత్తం తమ కాగితం మీదికి వచ్చినది.

పడవలు 15 తెల్లవారుజామున బయలుదేరును. అంతలోపు తమరు స్వయముగా విచ్చేసి, నాలుగు బిళ్ళలు పేర్చి కొలిపించి, ఫెయిల్ అని వ్రాసి ఇప్పించవలెను. రాలేని పక్షమున రెండు ముక్కలు వ్రాసి పంపినా చాలు. సంతకం చేసినందుకు నా మీద ఏ చర్య తీసుకొన్నా శిరసావహిస్తాను.

ఈ అర్జీని ఫైలులో పెట్టక ముందే, వీలైతే నిలబడే చిత్తగించవలెను.

తమ విధేయుడు, నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేనివాడు,
మాల్యాద్రి

తా.క. 14వ తేదీ, మధ్యాహ్నం. నిన్న ఈ అర్జీ తమ ఆఫీసులో ఇచ్చినా తమ నుంచి ఎవరూ రాలేదు; ఇది దాని నకలు. ఊరంతా గంగమ్మకు పొంగళ్ళు పెట్టను పోయినప్పుడు నేను స్పానరు తీసుకొని పోయి పదకొండు పడవల బిళ్ళలు విప్పి, కత్తితో కోసి పారేసినాను. కామమ్మ శాపనార్థాలు పెడుతున్నది. పడవల వాళ్ళు నన్ను వెతుకుతున్నారు. కొడితే కొట్టనీండి, వాళ్ళు రేపు ఒడ్డునే ఉంటారు.

పన్నెండో పడవ మా తమ్ముడు శివది. వాడు పొంగళ్ళకు పోలేదు. ఇంజను మీద కూర్చున్నాడు, లేవడు. "ఏందన్నా నువ్వు పీకేది? వోళ్ళంతా మీటరును నమ్మినారు. నేను నీ సంతకం చూసి బిగించినా" అన్నాడు. తప్పు చేసినాన్రా అన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. "నువ్వు ఇంజన్ల కాడ తప్పు చెయ్యవులే, పో" అన్నాడు.

నా మాట వాడికి ఎక్కటం లేదు సార్. రేపు వాడొక్కడే పోతాడు. ఆ సంతకం కొట్టేసిన కాగితం ఒకటి తెచ్చి వాడికి చూపించండి సార్.