నాన్న పగడానికి బంగారు అంచు

తోర్రె దెల్ గ్రెకో, మంగళవారం

అమ్మా, నేను కులాసా, బెంగంతా నీ ఉంగరం గురించే. నాన్న సముద్రంలో మునిగి తెచ్చిన పగడం దాన్ని పట్టి ఉంచే కొక్కేల్లోంచి వదులైపోయింది. కంసాలి చీరో మామ భూతద్దంలో చూసి, "పక్కన పెచ్చు ఊడిందే. మీ అమ్మ ఇది పెట్టుకునే చేపలు తోముతుందా?" అన్నాడు. ఏం చేయాలని అడిగాను. "మెత్తటి రాయమ్మా. చుట్టూ అంచు కట్టకపోతే ఈసారి రెండు ముక్కలే."

అంచు కడితే పగడం కొంత మూసుకుపోతుంది. మొత్తం కనబడాలని నాన్న ముచ్చటపడ్డాడని తెలుసు. అయినా నీ జవాబు కోసం ఆగకుండా కట్టమన్నాను.

దగ్గు తగ్గిందా? వేళ్లు వాచాయన్నావు, కొలతకు దారం పంపు. నానమ్మకు ముద్దులు. కోపమొస్తే నన్ను తిట్టు, అంచు మాత్రం విప్పించకు. నాన్నదంటూ మనకు మిగిలింది ఆ పగడమొక్కటే.

నీ అస్సుంత