చెరుకు కోతకు జోడి

మొగుడంపల్లి,
1983, దసరా తెల్లారి.

మేస్త్రి సంగప్పన్నకు చెల్లె రాయించేది.

చెరుకు కోతకు మనూరి ఆడోళ్లను తీస్కపోను చిరాగ్‌పల్లి సడక్ మీదికి లారీ తెస్తనని రాసినవు. నువ్వు పిలువంగనే ఎక్కుతమనుకున్నవా?

కోతల మొగుడుపెండ్లాలు ఒక జోడి, జోడికొక గుడిసె. మొగుడు సచ్చిపోయిన సిద్దమ్మకు పోయినేడు నువ్వు పరాయి మొగోన్ని జోడి కట్టినవు. వాని గుడిసెలకే పంపినవు. మూడోనాడు పలిగిన మూతితోని వచ్చి నీ ముంగట ఏడిస్తే, “జర సర్దుకో, కోత ఆగొద్దు” అన్నవు. నేను పక్కనే ఉన్న, నా చెవులతోని విన్న. ఇంటికొచ్చినంక ఆమె ఇప్పటిదాంక ఎవ్వలతోని మాట్లాడుతలేదు. నీకు సిగ్గనిపిస్తలేదా అన్నా?

ఫికర్ చేయొద్దు, అంతా మనోళ్లే ఉంటరని మళ్ల రాసినవు గద! అయితే ఈసారి పేర్ల కాయితంల మొదటి పేరు వదినది రాయి. సిద్దమ్మకు కట్టిన వాన్నే ఆమెకు జోడి కట్టు. ఆమె ఎక్కితే మేమంతా ఎక్కుతం. లేకుంటే నీ లారీ ఖాళీగనే పోతది.

నాకు రాయరాదని నీకెరుకే. ఈ చేతిరాత ఎవరిదో నువ్వు మొదటి లైన్లనే గుర్తువట్టి ఉంటవు. నేను చెప్పుకుంట పోతే వదిననే రాసింది. ఒక్క మాట కూడా తీసెయ్యమనలేదు.