రెండు మార్కుల ఆట

ప్రియమైన బొమ్మలమ్మకు,

మీ వెబ్‌సైట్‌లో పాత వీడియో గేములకి రివ్యూలు మొదలుపెట్టారట, రాసేది నువ్వేనట! ఎగిరి గంతేశాను. ఇరవై ఏళ్ల కిందట అద్దెగదిలో నువ్వు బొమ్మలు గీసి, నేను కోడ్ రాసి, మూడేళ్లు కష్టపడి చేసిన ఆటకి ఒక గేముల పత్రిక విమర్శకుడు పదికి రెండు మార్కులేశాడు. "ఆడవాళ్ల కాలక్షేపం" అన్నాడు. దుకాణాలవాళ్లు పెట్టెలు విప్పకుండానే తిప్పి పంపారు. మన కంపెనీ మూతపడింది. తర్వాత వాడే ఒక గేమ్ చేసి పెద్దమనిషైపోయాడు. దాన్ని తీసి ఉతికి ఆరెయ్యవే. నా కడుపుమంట చల్లారాలి.

నీ కోడిపిల్ల

ఒసే కోడిపిల్లా,

కోడ్ రాస్తావని సరదాకి పెట్టిన పేరు. పొడవడం మాత్రం నిజంగానే నేర్చావు. మంట నాకూ ఉంది. కానీ పాత ఆటలకి రివ్యూలే వద్దని మా ఎడిటర్‌తో నెలరోజులు పోట్లాడినదాన్ని. ముసలాణ్ణి పరుగుపందెంలో నిలబెట్టి, ఓడిపోయావనడం ఏం న్యాయం? "వాటిని ఇవాళ కొనుక్కుని ఆడేవాళ్లున్నారు, వాళ్లకెవరు చెబుతారమ్మా?" అన్నాడాయన. ఒప్పుకున్నాను. వాడి గేమ్ మొత్తం ఆడతాను. బాగుంటే బాగుందనే రాస్తాను.

నీ బొమ్మలమ్మ

బొమ్మలమ్మా,

మొత్తం ఎందుకు? మొదటి రెండు లెవెల్స్ చాలు. వాడు మనది ఏపాటి ఆడాడని? త్వరగా కానియ్యి.

నీ కోడిపిల్ల

కోడిపిల్లా,

నాలుగో లెవెల్లో ఆట ఆపేసి చూశాను. అక్కడ ఒక వంతెన, దాని మీద వల అల్లుతున్న ముసలమ్మ. అది మా అమ్మ ముఖమే! గడ్డం మీద పుట్టుమచ్చతో సహా. మనం చేయాలనుకుని చేయలేకపోయిన రెండో ఆట కోసం గీశాను, గుర్తుందా? ఆ చిత్తుబొమ్మలు నీ దగ్గరే ఉండేవిగా, వాడెలా కొట్టేశాడే? నా పాత నకళ్లు రివ్యూలో వాడి బొమ్మ పక్కనే చూపించి, దొంగ అని రాసేశాను. ఈ ఉత్తరం చేరేలోపే రివ్యూ వచ్చేస్తుంది. ఈ వయసులో మొదటిసారి ఒక మనిషిని నాశనం చేస్తున్నాను. హాయిగా ఉంది.

నీ బొమ్మలమ్మ

బొమ్మలమ్మా,

రివ్యూ చూశాను. అందరూ వాణ్ణి దుమ్మెత్తిపోస్తున్నారు. ఇన్నేళ్లు కోరుకున్న రోజు వస్తే, కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాడు దొంగిలించలేదే. నేనే ఇచ్చాను.

కంపెనీ మూతపడిన ఏడాదే వాడు ఫోన్ చేశాడు. "ఆ రెండు మార్కులు నా తప్పు. కలిసి చేద్దాం, మీ ఇద్దరి పేర్లూ వేస్తాను" అన్నాడు. ఇక కుంచె పట్టనని నువ్వప్పుడు ఒట్టేసుకున్నావు. అడిగితే ఒప్పుకోవని, అడగకుండానే నీ బొమ్మలు వాడికిచ్చేశాను. తీరా ఆట వచ్చాక నీ పేరూ లేదు, నా పేరూ లేదు. మోసపోయానని చెప్పాలంటే నిన్ను మోసం చేశానని కూడా చెప్పాలి. నోరు రాలేదు. నీ చేత వాణ్ణి కొట్టించి, నా పగ తీర్చుకుందామనుకున్నాను.

మాట తప్పినందుకు వాణ్ణి వదలకు. కానీ దొంగ అన్నచోట ముందు నా పేరుండాలి. ఈ ఉత్తరం ఉన్నదున్నట్టు మీ సైట్‌లో వేసెయ్యి. నా మీద జాలిపడి ఒక్క అక్షరం కూడా దిద్దకు.

నీ స్నేహితురాలు